కోటా రాళ్ల తాబేలు డిప్ప ముక్కలు: పేరు ఎంతవరకు పెట్టొచ్చు?

నేపథ్యం

కోటా ఫార్మేషన్ (కోటా అనే పేరున్న జురాసిక్ కాలపు రాతి పొరల వరుస) అనగానే ముందు గుర్తొచ్చేవి డైనోసార్లు. పోచంపల్లి దగ్గర బయటపడ్డ బారాపాసారస్ ఒకటి, యామన్‌పల్లిలో దొరికి ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉన్న కోటాసారస్ ఇంకొకటి. ప్రాణహిత–గోదావరి లోయలోని ఈ రాళ్లలో సున్నపురాయి పొరల నిండా చేపలున్నాయి. రెబ్బెన దగ్గర పైకాసిగూడెం మట్టిని జల్లెడ పట్టినవారికి బల్లుల దవడలు, తొలి క్షీరదాల పళ్లు దొరికాయి. తాబేళ్లు మాత్రం అరుదు. 2000లో పి.ఎం. దత్తా బృందం ఇండోకెలిస్ స్పాచులేటా అని పేరు పెట్టిన డిప్పే మన దేశంలో నమోదైన మొదటి జురాసిక్ తాబేలు. 2020లో వాల్టర్ జాయిస్, శాశ్వతి బంద్యోపాధ్యాయ ఆ జాతిని మళ్లీ పరిశీలించి వర్ణనను సవరించారు.

కోటా నుంచి పేరున్న తాబేలు ఒక్కటే కావడంతో ఆ రాళ్లలో ఏ డిప్ప ముక్క దొరికినా చీటీ మీద అదే పేరు పడిపోతోంది. ముక్కను చూసి పెట్టిన పేరు కాదది, ఊరిని చూసి పెట్టింది. ఒకసారి అలా పడ్డ పేరు కేటలాగులోకి, అక్కడినుంచి పట్టికలోకి, పట్టికనుంచి మరొకరి వ్యాసంలోకి పోతుంది. చివరికి ‘ఈ జాతి ఫలానా చోట కూడా ఉంది’ అన్న వాక్యం ఎముక ఆధారం లేకుండానే నిలబడిపోతుంది. ఈ కేసు రాసిపెట్టడానికి కారణం అదే. ఊరి పేరు, సంస్థ పేరు, సేకరించినవారి వివరాలు తీసేశాం.

వచ్చిన సమస్య

ఒక విద్యాసంస్థ సేకరణ నుంచి ఒక సంచి వచ్చింది. అందులో 61 ముక్కలు. పైన చీటీ: ‘కోటా, ఎర్ర మట్టిరాయి, తాబేలు, ఇండోకెలిస్ స్పాచులేటా, ఒకే జీవి’. అడిగింది చిన్న పనే: ఈ నిర్ధారణ సరైనదేనని చెబితే అదే పేరుతో నంబరు వేస్తారు. ఒక ముక్క మీద గుంటలు గుంటలుగా చెక్కడం ఉండటంతో అది కొత్త జాతి అయ్యే అవకాశం ఉందా అని కూడా అడిగారు.

చీటీలో నాలుగు వాదనలున్నాయి: రాయి కోటాది, ఎముక తాబేలుది, జాతి ఇది, జీవి ఒక్కటే. నాలుగింటికీ విడివిడిగా రుజువు కావాలి. సంచిలో కొన్ని ముక్కలు నేలమీద ఏరినవి, కొన్ని జల్లెడలో వచ్చినవి. ఏది ఎలా వచ్చిందో రాసి లేదు. అందుకే మొదటి వాదనను కూడా అలాగే ఒప్పుకునే వీలు లేకపోయింది.

శుభ్రం చేయడం: ఏది పనిచేయలేదు

చాలా ముక్కల మీద సున్నపు పెచ్చు, దాని కింద ఎర్రటి ఇనుప పొర. సున్నం ఉంది కాబట్టి ఆసిడ్ అన్నది ఎవరికైనా తట్టే ఆలోచన. 5 శాతం ఎసిటిక్ ఆసిడ్‌లో ముందే కాల్షియం ఫాస్ఫేట్ కలిపి, ఏ లక్షణమూ లేని ఒక చిన్న తునక మీద మాత్రమే ప్రయత్నం జరిగింది. ఫాస్ఫేట్ కలిపేది ఆసిడ్ ఎముక జోలికి పోకుండా. పెచ్చు కరిగింది. కానీ మరుసటి రోజుకు తునక పైపొర రేకులా లేచి ఊడొచ్చింది. కారణం తర్వాత థిన్ సెక్షన్‌లో (వెలుతురు దూరేంత పలుచగా అరగదీసిన కోతలో) కనబడింది: డిప్ప లోపలి స్పాంజి ఎముకలో ఖాళీలన్నీ కాల్సైట్‌తో నిండి ఉన్నాయి. రెండు గట్టి పొరల్నీ పట్టి ఉంచింది ఆ కాల్సైటే. ఆసిడ్‌కు బయటి సున్నం, లోపలి సున్నం అన్న తేడా తెలియదు. ఇక ఎర్ర పొర అయితే అసలు కదల్లేదు, ఐరన్ ఆక్సైడ్‌కు ఎసిటిక్ ఆసిడ్ చాలదు.

కోటా ఎముకకు ఆసిడ్ పెట్టే ముందు విరిగిన అంచు ఒకటి గరుకు కాగితం మీద కొద్దిగా నునుపు చేసి, లెన్సుతో లోపలి ఖాళీల్లో తెల్లగా మెరిసేది ఉందేమో చూడాలి. ఉంటే ఆసిడ్ వద్దు. ఇక్కడ మిగతావన్నీ సూక్ష్మదర్శిని కింద సూదితో, గట్టి చోట గాలితో నడిచే చిన్న ఉలితో శుభ్రమయ్యాయి. నెమ్మది పని. పైగా గాడుల్లో పేరుకున్న మట్టిని పూర్తిగా తవ్వకూడదు. గాడి అడుగు ఎక్కడో సూది చెప్పదు, కొంచెం ఒత్తితే మనమే కొత్త గాడి గీసినట్టవుతుంది.

ఎముకకు అంటకుండా విడిగా ఉన్న మట్టి గడ్డలకు కిరోసిన్ పద్ధతి బాగా పనిచేసింది. గడ్డను ఎండలో పూర్తిగా ఆరబెట్టి, కిరోసిన్‌లో నానబెట్టి, కిరోసిన్ వంపేసి నీళ్లు పోస్తే మట్టి తనంతట తానే విచ్చుకుంటుంది. గడ్డలో ఏ మాత్రం తేమ ఉన్నా కిరోసిన్ లోపలికి పోదు, పని జరగదు. వానాకాలంలో ఈ పద్ధతి విఫలమైందని చెప్పేవారి దగ్గర ఎక్కువసార్లు అసలు లోపం ఆరబెట్టడంలోనే ఉంటుంది.

ఇంకో అడ్డంకి జిగురు. ఎవరో రెండు ముక్కల్ని సూపర్ గ్లూతో అతికించారు. లెన్సు కింద చూస్తే ఒకవైపు పళ్లు పళ్లుగా ఉన్న సహజమైన అతుకు అంచు (బతికున్నప్పుడు పక్క ఎముకతో కలిసిన చోటు), రెండోవైపు విరిగిన అంచు. సహజ అంచుకు విరుపు ఎన్నటికీ సరిపోదు. అసిటోన్‌లో నానబెట్టి విడదీశాం. అలాగే వదిలేసి ఉంటే ప్రకృతిలో లేని ఒక పలక పొడవు కొలతల్లోకి చేరేది.

నిజంగా సరిపోయిన విరుపులకు పారాలాయిడ్ బి-72 అనే రెజిన్ వాడాం: ఎముకను గట్టిపరచడానికి అసిటోన్‌లో 5 శాతం, అతికించడానికి చిక్కగా. అయితే ఈ రెజిన్ 40 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది. ఏసీ లేని స్టోరులో మన వేసవికి బరువైన ముక్కల అతుకులు జారతాయి. అలాంటి చోట 50 డిగ్రీల దాకా తట్టుకునే బి-48ఎన్ మేలు.

అసలు తాబేలేనా?

సంచిలో ఉన్నవాటిలో 14 ముక్కలు చేప పొలుసులు. లెపిడోటిస్ లాంటి చేపలకు పొలుసు ఎంత మందంగా ఉంటుందంటే, మట్టి పట్టి ఉంటే తాబేలు అంచు పలక అని ఎవరైనా అనుకుంటారు. తుడిస్తే ఎనామెల్ పళ్లెంలా మెరుస్తుంది, అది గనోయిన్ అనే గట్టి పైపూత. తాబేలు ఎముకకు ఆ మెరుపు రాదు. పొలుసు పక్క పొలుసులో ఇమిడే చిన్న మేకు కూడా కొన్నిటికి మిగిలి ఉంది.

రెండు ముక్కలు మొసలి బంధువుల చర్మపు పలకలు. మీద గుంటలు, మధ్యలో గట్టు, అడుగున నున్నటి తలం. కాస్టల్ పలక, అంటే పక్కటెముక మీదుగా వెడల్పుగా పెరిగిన తాబేలు పలక, అయితే అడుగున పక్కటెముక గట్టు పొడుగునా కనబడుతుంది. చర్మపు పలకకు అలాంటిదేమీ ఉండదు.

‘కొత్త జాతి’ అనుకున్న చెక్కడపు ముక్క, దానితోపాటు ఇంకో రెండు, జురాసిక్‌వే కావు. బుడిపెలు బుడిపెలుగా ఉన్న పైతలం, గాడి అన్నదే లేకపోవడం, పక్కటెముక కొన చెక్కడపు పలకను దాటి బయటికి పొడుచుకు రావడం: ఇవి మెత్త డిప్ప తాబేలు గుర్తులు. ఈ తాబేళ్లకు ఎముక పైన కెరటిన్ పలకలు (గోరులాంటి పదార్థపు పలకలు) ఉండవు, తోలే ఉంటుంది. అందుకే ఎముక మీద గాడులు పడవు. చేతిలో తేలిగ్గా ఉన్నాయి, విరుపులో స్పాంజి ఖాళీలు ఖాళీగానే ఉన్నాయి, మిగతా ముక్కల్లో ఉన్న కాల్సైట్ లేదు. మన చెరువుల్లో, గోదావరి పాయల్లో ఉండే లిస్సెమిస్ పంక్టేటా ఎముకతో పక్కపక్కన పెట్టి చూస్తే సందేహం మిగల్లేదు. నది ఒడ్డున కోటా రాయి మీద ఈ మధ్య చచ్చిన తాబేలు ఎముక పడి ఉండటం వింతేమీ కాదు. నేలమీద ఏరినవాటికి, పొరలోంచి తీసినవాటికి వేర్వేరు సంచులు ఉండాల్సింది ఇందుకే.

మరో 19 ముక్కల్లో ఏ గుర్తూ లేదు. వాటిని ‘వెన్నెముక జీవి, అనిర్ధారితం’ అని పక్కన పెట్టాం. మిగిలినవి 23. వీటిలో ఒక్కోదానికి కనీసం ఒక గట్టి గుర్తు ఉంది: పక్కటెముక గట్టు, పళ్ల అతుకు, లేదా కెరటిన్ పలక గాడి, వీటికి తోడు విరుపులో గట్టి పొర–స్పాంజి–గట్టి పొర అన్న మూడంతస్తుల కట్టుబడి. చివరిది ఒక్కటే ఉంటే సరిపోదు, మొసలి పలకల్లోనూ అలాంటి కట్టుబడి కనిపిస్తుంది.

ఆ 23లో కాస్టల్ ముక్కలు 9, అంచు పలకలు 5, అడుగుడిప్ప ముక్కలు 4, ఎక్కడివో చెప్పలేనివి 5. వెన్ను మీద వరుసగా ఉండే న్యూరల్ పలక ఒక్కటి కూడా లేదు. ఈ లోటు కేసు చివరిదాకా వెంటాడింది.

అతుకు, గాడి

ముక్కల వర్గీకరణలో సగం తప్పులు ఈ రెండిటినీ కలిపేయడం వల్లే వస్తాయి. అతుకు రెండు ఎముకల మధ్యది, పలక మందమంతా చీల్చుకు పోతుంది, లోపలి తలంలోనూ కనబడుతుంది. గాడి రెండు కెరటిన్ పలకల హద్దు ఎముక మీద వేసిన ముద్ర, పైతలం వరకే. పగులు మూడోది. అది ఎటుపడితే అటు పోతుంది, అంచులు పదునుగా ఉంటాయి.

కంటికి ఆనని అతుకుల కోసం ఆల్కహాల్ బొట్టు వేసి చూడాలి. పలక ఆరిపోయాక కూడా అతుకు వెంట తడి కాసేపు నిలుస్తుంది, గీతలా కనబడుతుంది. ఇది పారాలాయిడ్ పెట్టకముందే చేయాలి, పెట్టాక ఆల్కహాల్ తగిలితే పైపొర జిగటగా మారుతుంది. గాడుల కోసం అమ్మోనియం క్లోరైడ్ పొగ పట్టించి, ఒక పక్కనుంచి చాలా వాలుగా వెలుతురు వేసి ఫొటో తీశాం. తెల్ల పూత రంగు మచ్చల్ని కప్పేస్తుంది, లోతు మాత్రమే మిగులుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజు ఆ పూత ఉండలు కడుతుంది. ఫొటో అవగానే పూర్తిగా తుడిచేయాలి, ఎముక మీద వదిలేస్తే హాని.

ఒక కాస్టల్ ముక్క: దగ్గరగా

తొమ్మిదిలో ఎక్కువ సంగతులు చెప్పింది ఒకే ముక్క. విరిగిన పొడవు 41 మి.మీ., ముందు–వెనక వెడల్పు 18 మి.మీ., మందం 4 మి.మీ. వెన్నువైపు చివర సహజమైన అతుకు ఉంది. అడుగున పక్కటెముక తల విరిగిన మచ్చ. బయటివైపు చివర విరిగిపోయింది కాబట్టి పలక పూర్తి పొడవు తెలియదు.

పైతలం మీద రెండు గాడులు. ఒకటి వెన్నుకు సమాంతరంగా వెళ్తూ బయటికి కోణంలా వంగింది. ఆ కోణం మొన దగ్గర రెండోది కలిసి, పలక పొడవునా బయటివైపుకు సాగింది. మొదటిది నడిమి వరుస కెరటిన్ పలకలకు, పక్క వరుసకు మధ్య హద్దు. రెండోది పక్క వరుసలో రెండు పలకల మధ్య హద్దు. చాలా తాబేళ్లలో ఈ రెండో గాడి 2, 4, 6 నంబర్ల కాస్టల్‌ల మీదుగానే పోతుంది. అంటే ఇది సరిసంఖ్య కాస్టల్. ఏ నంబరో చెప్పలేం, చెప్పాల్సిన పనీ లేదు.

వెన్ను అంచునుంచి ఆ కోణం మొనకు దూరం 27 మి.మీ. నడిమి వరుసలో మధ్యనున్న కెరటిన్ పలక ఒక్కోటి సుమారు రెండు కాస్టల్ వెడల్పులంత పొడవుంటుంది, అంటే ఇక్కడ 36 మి.మీ. వెడల్పు చూస్తే రెండు పక్కలా కలిపి 54, దానికి మధ్యలో న్యూరల్ వెడల్పు కలపాలి. న్యూరల్ మన దగ్గర లేదు కాబట్టి దాన్ని సున్నా అనుకున్నా, వెడల్పు పొడవుకు ఒకటిన్నర రెట్లు వస్తుంది. ఈ లెక్క కనీస విలువనిస్తుంది, అసలు విలువ ఇంకా ఎక్కువే.

ఈ కొలత సరిసంఖ్య కాస్టల్ మీద తీస్తే గరిష్ఠ వెడల్పు, బేసి కాస్టల్ మీద తీస్తే తక్కువ వెడల్పు వస్తుంది. ఒక జాతి బొమ్మలో నాలుగో కాస్టల్‌ను, చేతిలో మూడో కాస్టల్‌ను కొలిచి ‘వీటి మధ్య తేడా ఉంది’ అనేవారున్నారు. తేడా తాబేలులో లేదు, కొలిచిన చోటులో ఉంది.

వెడల్పైన నడిమి పలకలు పాత తాబేళ్ల లక్షణం. జురాసిక్‌కు ముందరి ట్రయాసిక్ కాలపు ప్రోగానోకెలిస్‌లో ఉంది, అరిజోనా కాయెంటాకెలిస్‌లో ఉంది, జురాసిక్ చివర ఐరోపాలోని ప్లెసియోకెలిస్, ప్లాటికెలిస్‌లలోనూ ఉంది. పూర్వీకుల నుంచి అందరికీ వచ్చిన లక్షణం దగ్గరి చుట్టరికాన్ని చూపదు. ఇది చాలదన్నట్టు, ఇప్పటి తాబేలు పిల్లల్లో కూడా నడిమి పలకలు పెద్దవాటికంటే వెడల్పుగా ఉంటాయి. కాబట్టి ఈ 1.5 అనే అంకె చెప్పేది ఇంతే: నడిమి పలకలు సన్నగా ఉండే ఆధునిక గుంపుల పెద్ద తాబేలు కాదు. ఇండోకెలిస్ అని అది చెప్పదు.

విఫలమైన దారులు

మొదటిది, బొమ్మ మీద పేర్చడం. ప్రచురిత డిప్ప చిత్రాన్ని ముక్కల పరిమాణానికి పెంచి, ముక్కల్ని దాని మీద పేర్చి చూడటం. దాదాపు ప్రతి ముక్కా ఎక్కడో ఒకచోట సరిపోయింది. అనుమానం రావాల్సింది అక్కడే. కాస్టల్‌లు ఎనిమిది జతలు, అంచు పలకలు సాధారణంగా పదకొండు జతలు, అన్నీ ఒకదానికొకటి దగ్గరి పోలికే. ఏ ముక్కనైనా ఇముడ్చుకునే పరీక్ష దేన్నీ కాదనలేదు, దేన్నీ కాదనలేని పరీక్షతో పేరు పెట్టలేం.

రెండోది, మందం, నునుపు. చీటీ రాసినవారు వీటినే నమ్మినట్టుంది. ఒకే పలకలో అంచు దగ్గర మందం రెట్టింపు కావచ్చు, వయసుతో మారుతుంది, మట్టిలో దొర్లితే తగ్గుతుంది. ఇక నునుపు సంగతి: కొన్ని ముక్కల పైపొర ఎర్ర పెచ్చుతోపాటే ఊడిపోయి, కింద స్పాంజి ఎముక నున్నగా అరిగి ఉంది. అది పైతలమే కాదు.

మూడోది, కంప్యూటర్ విశ్లేషణ. ముక్కలన్నిటినీ ఒకే జీవిగా లెక్కవేసి, తాబేళ్ల లక్షణాల పట్టికలో ఒక వరుసగా చేర్చి, వంశవృక్షం గీసే టీఎన్‌టీ అనే ప్రోగ్రామ్‌లో నడపడం. వంద దాటిన లక్షణాల్లో పది గడులు కూడా నిండలేదు, మిగతావన్నీ ప్రశ్నార్థకాలు. ఫలితంగా ఆ వరుస చెట్టులో ఎక్కడపడితే అక్కడ కూర్చుంది, ఫలితాలన్నిటినీ కలిపి గీసే ఏకాభిప్రాయ చెట్టులో కొమ్మలన్నీ కుప్పకూలాయి. అంతకంటే పెద్ద అభ్యంతరం ఇంకోటి ఉంది: ముక్కలన్నిటినీ ఒక వరుసలో రాయగానే అవన్నీ ఒకే జాతివని మనమే ముందు ఒప్పేసుకున్నట్టు. తేల్చాల్సిన విషయాన్ని లెక్కలోకి మొదటే చొప్పించి జవాబు రాబట్టడం అది.

పనిచేసిన దారి

మొత్తం సంచికి పేరు వెతకడం మానేసి, ఒక్కో ముక్కకు విడిగా అడిగిన ప్రశ్న ఇది: దీని మీద ఉన్న లక్షణం ఏ గుంపును కాదంటుంది? కొట్టివేతలు అయ్యాక మిగిలిన గుంపు ఎంత పెద్దదైతే అంత పెద్ద పేరే రాయాలి.

ముందు ‘ఒకే జీవి’ అన్న మాట తేలింది. అంచు పలకల్లో రెండు ఒకే చోటివి, రెండూ ఎడమవైపువి. ఒక్కో పలకలోనే అడ్డుకోత ఆకారం ఒక చివర చీలలా, రెండో చివర లోపలికి మడత పడిన కోణంలా మారుతోంది. పైడిప్పను అడుగుడిప్పతో కలిపే వంతెన మొదలయ్యే చోట మాత్రమే ఇలా ఉంటుంది. వీటిలో ఒకటి రెండోదానికి ఒకటిన్నర రెట్లు. ఒక తాబేలుకు అలాంటి ఎడమ పలక ఒక్కటే ఉంటుంది, కాబట్టి కనీసం రెండు తాబేళ్లు. చిన్నది పెద్దదాని పిల్లా, వేరే జాతా అన్నది ఈ ముక్కలు చెప్పవు.

తర్వాతిది జిఫిప్లాస్ట్రన్, అడుగుడిప్పలో చివరి పలక. ఇందులో ఆశ పెట్టుకోదగ్గ విషయం ఉంది. కోటా గోండ్వానా అనే పాత దక్షిణ మహాఖండపు భూభాగానిది. మెడను పక్కకు మడిచే ప్లూరోడైర్ తాబేళ్లు నేడు ఎక్కువగా దక్షిణ ఖండాల్లోనే బతుకుతున్నాయి. కోటాలో వాటి పూర్వీకుడు దొరికితే అది పెద్ద వార్తే. ప్లూరోడైర్లలో కటి ఎముకలు డిప్పకే అతుక్కుంటాయి, జిఫిప్లాస్ట్రన్ లోపలి తలంలో వాటి అతుకు మచ్చలు గరుకుగా, లోతుగా ఉంటాయి. ఇక్కడ లోపలి తలం చెక్కుచెదరకుండా ఉంది, మచ్చ లేదు. ఆ గుంపును కొట్టేశాం. ఒకవేళ మచ్చ ఉన్నా వెంటనే ప్లూరోడైర్ అనే వీలు లేదు: ట్రయాసిక్ ప్రోటెరోకెర్సిస్‌కు కూడా కటి డిప్పకు అతుక్కునే ఉంది, అది ప్లూరోడైర్ కాదని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు.

అడుగుడిప్పలో మీసోప్లాస్ట్రన్ అనే అదనపు జత ఉందా లేదా అన్నది పాత తాబేళ్లలో చాలా విలువైన ప్రశ్న. ఒక ముక్కలో రెండు అడ్డ అతుకులు ఉన్నట్టనిపించి ఆసక్తి పుట్టించింది. ఆల్కహాల్ పరీక్షలో ఒకటే తడిని పట్టింది. రెండోది లోపలి తలానికి చేరలేదు, అది గాడి. మీసోప్లాస్ట్రన్ ఉందనీ లేదనీ రాయలేదు.

ఎక్కడిదో తెలియని డిప్ప ముక్కల్లోంచి ఒకదాన్ని కోతకు ఎంచుకున్నాం. కోసేది ఎప్పుడూ ఆకారపరంగా చెప్పేదేమీ లేని ముక్కే కావాలి. అయినా ముందు అన్ని వైపులా ఫొటోలు తీసి, సిలికాన్ అచ్చు పోసి, ఆ తర్వాతే ఎపాక్సీలో ముంచి వాక్యూమ్‌లో గాలి తీసి, వజ్రపు రంపంతో పలకకు నిలువుగా కోశాం. 400, 600, 1000 నంబర్ల సిలికాన్ కార్బైడ్ పొడితో వరుసగా అరగదీసి, గాజుకు అంటించి, మళ్లీ 70–80 మైక్రాన్ల దాకా దించాం. అంతకంటే పలుచన చేస్తే కాల్సైట్ నిండిన చోట్ల పొడి రాలిపోయే ప్రమాదం ఉంది. పోలరైజ్డ్ వెలుతురులో బయటి గట్టి పొరలో అల్లుకున్న నారల కట్టలు స్పష్టంగా కనబడ్డాయి, తాబేలు డిప్పల్లో తరచూ కనిపించేవి అవి. పెరుగుదల గీతలు కొన్ని ఉన్నాయి కానీ బయటి అంచున దగ్గరదగ్గరగా చేరలేదు. అంటే ఎదుగుదల ఆగిపోయిన ముసలి జీవి అనడానికి ఆధారం లేదు. కాస్టల్ కొలతను పిల్ల తాబేలు కోణంలో అనుమానించింది ఈ కారణంతోనూ. అయితే కోసిన ముక్క, కాస్టల్ ఒకే జీవివన్న రుజువు లేదు కాబట్టి ఒకదాని వయసును రెండోదానికి అంటగట్టలేదు.

రాతి వయసును కూడా వడపోతగా వాడలేదు. చేపల్ని బట్టి తొలి జురాసిక్ అని ఒక వాదన, ఆస్ట్రకాడ్లు అనే గుల్ల ఉన్న చిన్న జలచరాలు, పుప్పొడి చూసి మధ్య జురాసిక్ దాకా లాగే వాదన ఇంకొకటి. ‘ఆ కాలానికి ఆ గుంపు ఇంకా పుట్టలేదు’ అని ముక్కను తోసేస్తే, రేపు ఆ గుంపు ఎప్పుడు పుట్టిందో చెప్పడానికి ఇదే ముక్క పనికిరాకుండా పోతుంది.

చివరికి రాసిన పేర్లు

23 ముక్కలకూ రాసింది టెస్టుడినేటా అనే పేరే, అంటే డిప్ప ఉన్న తాబేళ్లన్నిటి పెద్ద గుంపు. జిఫిప్లాస్ట్రన్‌కు ‘ప్లూరోడైర్ కాదు’ అన్న గమనిక, పెద్ద కాస్టల్‌కు ‘నడిమి పలకలు వెడల్పైనవి, నిష్పత్తి కనీసం 1.5’ అన్న గమనిక చేర్చాం. నేటి తాబేళ్లన్నిటి ఉమ్మడి పూర్వీకుడి సంతతి అయిన టెస్టుడైన్స్‌లోకి దేన్నీ దించలేదు.

ఇండోకెలిస్ పేరు ముందు ‘cf.’ పెడదామా అన్న చర్చ జరిగింది. తెలుగులో రాసేటప్పుడు ‘పోల్చదగినది’ అంటున్నాం. ఆ గుర్తు పెట్టాలంటే ఆ జాతిని లేదా ప్రజాతిని మిగతావాటినుంచి వేరు చేసే లక్షణం ఒక్కటైనా ముక్క మీద ఉండి, ఏదో ఒక కారణంతో పూర్తిగా తేలకపోవాలి. ఒక జాతిని డిప్ప మీది పలకల అమరికను బట్టి గుర్తించినప్పుడు, ఆ అమరికకు కేంద్రమైన న్యూరల్ వరుస లేని ముక్కలు అటు ఔననీ చెప్పలేవు, ఇటు కాదనీ చెప్పలేవు. ‘విరుద్ధంగా ఏమీ లేదు’ అన్నది పోలిక కిందికి రాదు. అదే మాటను అర్జెంటీనా కాండార్‌కెలిస్ గురించీ, స్కాట్లండ్ ఐలియన్‌కెలిస్ గురించీ అనొచ్చు. కాబట్టి పోల్చదగినది అన్న గుర్తు కూడా పెట్టలేదు.

పంపినవారికి ఇది నచ్చలేదు, సహజమే. పేరున్న నమూనా పట్టికలో ఒక జాతి అవుతుంది, అనిర్ధారితం అంటే అడుగు వరుసలో పడుతుంది. అయితే ఈ ముక్కలనుంచి పట్టికలోకి నిజంగా వెళ్లగలిగిన కొత్త సమాచారం ఉంది: ఆ చోట కనీసం రెండు తాబేళ్లు, రెండు పరిమాణాల్లో ఉన్నాయి. చీటీ మీది పేరే రాసి ఒకే జీవిగా నంబరు వేసి ఉంటే అదే ముందు మాయమయ్యేది.

తర్వాతి పనికి తీసుకున్నవి

ఒక సంచికి ఒక నంబరు పద్ధతి పోయింది. ప్రతి ముక్కకు సొంత నంబరు, నిజంగా విరుపు కలిసిన ముక్కలకు మాత్రమే ఉమ్మడి నంబరు. చీటీ మీద ‘నేలమీద’, ‘పొరలోంచి’, ‘జల్లెడ’ అన్న మూడింటిలో ఒకటి తప్పనిసరి. పాత చీటీని పారేయలేదు, కొత్తదాని వెనక ఉంచాం. ఎవరు ఎందుకు ఆ పేరు పెట్టారో తర్వాత వచ్చేవారికి తెలియాలి.

నిర్ధారణ గడిలో పేరుతోపాటు ‘ఏ లక్షణాన్ని బట్టి’ అన్న గడి కూడా పెట్టాం. అది ఖాళీగా ఉంటే పేరు గడి కూడా ఖాళీగానే ఉండాలి. ఊరి పేరు, రాతి వయసు ఆ గడిలో రాయడానికి వీల్లేదు.

శిలాజాలు ఏరే చోట అయితే వెతకాల్సింది న్యూరల్‌ను, వెన్ను వైపు అతుకు మిగిలిన కాస్టల్‌ను. న్యూరల్ చిన్నది, 10–15 మి.మీ. కూడా ఉండకపోవచ్చు, పైనుంచి చూస్తే రాయి ముక్కలాగే ఉంటుంది. కింద వెన్నుపూస తోరణం విరిగిన రెండు గట్లను బట్టి గుర్తించాలి. పెద్ద జల్లెడలో ఆగినవి మాత్రమే ఏరి మిగతా మట్టి అక్కడే పోసేస్తే ఇదే పోతుంది. 1 మి.మీ. జల్లెడ మీద ఆగింది మొత్తం, సంచి కట్టి, పొర గుర్తు రాసి తేవాలి. ఈ కేసులో ఆ మట్టి కొంత ఇంకా విప్పని గడ్డలుగా మిగిలి ఉంది. ఎండలు ముదిరాక ఆరబెట్టి కిరోసిన్‌కు పెట్టాలి.